రాజ్‌దూత్ 350 డైరీ: మాస్టర్ సిలిండర్ ఎంపిక

శనివారం

నా రాజ్‌దూత్‌కు ముందు డ్రమ్ము బ్రేకు తీసేసి డిస్కు బ్రేకు పెడుతున్నాను. ముందు చక్రం ఎక్కింది. హబ్బు, డిస్కు, కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) బ్రాకెట్ తమ తమ చోట్ల సరిగ్గా కూర్చున్నాయి. చేత్తో తిప్పితే డిస్కు ఎక్కడా రాసుకోకుండా తిరుగుతోంది. ఇక ముందు బ్రేకుకు మిగిలింది హ్యాండిలు మీద కుడి చేతి పక్కన కూర్చుని, లివరు నొక్కితే ఆయిల్‌ను కాలిపర్‌లోకి తోసే మాస్టర్ సిలిండర్ ఒక్కటే. ఇంత చిన్న భాగం గురించి ఇన్ని రకాల సలహాలు వస్తాయని నేను ఊహించలేదు.

ఈ డైరీ ఇక్కడి నుంచి చదివేవారికి బండి సంగతి కొంచెం చెప్పాలి. జపాన్‌లో యమహా 1973లో తెచ్చిన ఆర్‌డీ 350కి ముందు డిస్కు బ్రేకు ఉండేది. అదే బండిని ఎస్కార్ట్స్ కంపెనీ 1983లో రాజ్‌దూత్ 350 పేరుతో ఇక్కడ తయారు చేయడం మొదలుపెట్టినప్పుడు డిస్కు పోయి రెండు చక్రాలకూ డ్రమ్ములు వచ్చాయి. ఇంజను మాత్రం అదే వంశం: 347 సీసీ, రెండు సిలిండర్లు, టూ స్ట్రోకు, ఆరు గేర్లు. మొదట వచ్చిన హై టార్క్ రకానికి 30.5 హార్స్‌పవర్, తరువాత వచ్చిన లో టార్క్ రకానికి 27. ఆనాటి మన రోడ్ల మీద దానితో పరుగెత్తగల బండి వేరే లేదు. దాన్ని ఆపడం మాత్రం డ్రైవరు అదృష్టానికి వదిలేశారు. టూ స్ట్రోకు ఇంజను యాక్సిలరేటర్ వదిలినంత మాత్రాన బండిని పట్టి ఆపదు కాబట్టి భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ఆ బ్రేకులు ఎలా ఉండేవో నడిపినవారిని అడగండి. ప్రతివాళ్ల దగ్గరా ఒక కథ ఉంటుంది.

అందరూ దీన్ని వింటేజ్ బండి అంటారు కానీ చట్టం దృష్టిలో ఇంకా కాదు. 2021లో కేంద్ర మోటారు వాహన నియమాలకు చేసిన సవరణ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం పెద్దగా మారకుండా ఉన్న వాహనానికే ఆ హోదా, ‘వీఏ’ అక్షరాలున్న నంబరు దక్కుతాయి. రాజ్‌దూత్‌కు ఆ వయసు 2030లలో వస్తుంది. అందుకే ఈ పనిలో నేను పెట్టుకున్న షరతు ఒకటే: అసలు భాగాల్లో దేన్నీ కోయకూడదు, దేనికీ వెల్డింగ్ చేయకూడదు. పాత ఫోర్క్ కాళ్లు, డ్రమ్ము చక్రం, బ్రేకు కేబులు గ్రీజు పూసి గోనె సంచుల్లో చుట్టి అటక మీద పెట్టాను. ఏ రోజైనా మళ్లీ ఎక్కించవచ్చు.

ఆదివారం

బల్ల మీద నాలుగు మాస్టర్ సిలిండర్లు. రెండు నావి, రెండు అరువు తెచ్చినవి.

ఒకటి రెండు డిస్కులున్న పెద్ద జపాన్ బండిది. శరీరం కింద పోతలోనే 5/8 అని ఉంది, అంటే బోర్ (పిస్టన్ కదిలే లోపలి రంధ్రం వ్యాసం) 5/8 అంగుళం, 15.87 మిల్లీమీటర్లు. రెండోది 14 మిల్లీమీటర్లది, ఎప్పుడో ఇంకో బండి కోసం కొని వాడకుండా పెట్టినది. మూడోది 1/2 అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. నాలుగోది 11 మిల్లీమీటర్లది, నేను వాడుతున్న కాలిపర్ ఏ బండి నుంచి వచ్చిందో ఆ బండిదే. బోర్ కొలత ఇలా కిందనో పక్కనో పోతలో ఉండటం చాలా కంపెనీల అలవాటు. మట్టి, పాత రంగు గీకి చూస్తే కనిపిస్తుంది.

అయిదోది కూడా ఉండాల్సింది. ఫోన్లో బంగారు రంగులో మెరిసే సిలిండర్లు బోలెడు కనిపిస్తున్నాయి. వాటి వివరాల్లో హ్యాండిలు మందం రాస్తారు, రంగులు రాస్తారు, “అన్ని బండ్లకూ సరిపోతుంది” అని రాస్తారు. బోర్ ఎంతో మాత్రం రాయరు. బోర్ ఎంతో చెప్పని మాస్టర్ సిలిండర్‌ను నేను హ్యాండిలుకు బిగించను. ఆ సంగతి అక్కడితో వదిలేశాను.

సాయంత్రం మా మెకానిక్ వచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఈ బండ్లే చూస్తున్న మనిషి, చేతిలో మంచి పని ఉంది. నాలుగూ చూసి 5/8ని చేతిలోకి తీసుకున్నాడు.

“ఇది పెట్టండి సార్. పెద్ద బండిది. పెద్దది పెడితే బ్రేకు గట్టిగా పడుతుంది.”

“గట్టిగా పడేది బ్రేకా, లివరా?”

“రెండూ ఒకటే కదా సార్!”

ఒకటి కాదు. ఈ ఎంపికలో ఉన్న చిక్కంతా అదే. అతనికి మాటలతో చెప్పలేకపోయాను. కాగితం మీద పెట్టి చూపిస్తానన్నాను.

సోమవారం రాత్రి

లెక్క.

ముందు కాలిపర్. జారే రకం: పిస్టన్లు రెండూ ఒకే వైపు ఉంటాయి. అవి లోపలి ప్యాడ్‌ను డిస్కుకు అదుముతుంటే కాలిపర్ శరీరమే జరిగి అవతలి ప్యాడ్‌ను లాగుతుంది. ఇలాంటి వాటికి ఉన్న పిస్టన్లన్నిటి విస్తీర్ణం లెక్కపెట్టాలి. పిస్టన్లు ఎదురెదురుగా ఉండే రకమైతే ఒక వైపువి మాత్రమే. ఇక్కడ తేడా వస్తే జవాబు సరిగ్గా రెండింతలు తప్పుతుంది. నా కాలిపర్ పిస్టన్లు వెర్నియర్‌తో కొలిస్తే ఒక్కొక్కటి 27 మిల్లీమీటర్లు. రెండింటి విస్తీర్ణం కలిపి 1145 చదరపు మిల్లీమీటర్లు.

ఇక మాస్టర్ పిస్టన్ల విస్తీర్ణం. 5/8ది 198, 14ది 154, 1/2 అంగుళానిది 127, 11ది 95. ద్రవంలో ఒత్తిడి అన్ని వైపులా ఒకటే అని పాస్కల్ సూత్రం బడిలో చదివాం కదా. చిన్న పిస్టన్‌ను ఎంత బలంతో తోస్తామో, విస్తీర్ణం ఎన్ని రెట్లు ఎక్కువుంటే అన్ని రెట్ల బలం పెద్ద పిస్టన్ దగ్గర వస్తుంది. కాబట్టి నా కాలిపర్‌తో 5/8 ఇచ్చేది 5.8 రెట్లు. 14 అయితే 7.4, 1/2 అంగుళం అయితే 9, 11 అయితే 12. అంటే మాస్టర్ పెద్దదయ్యే కొద్దీ బ్రేకు బలం తగ్గుతోంది. మా మెకానిక్ చేతికి తగిలిన గట్టిదనం నిజమే. పెద్ద పిస్టన్ కొంచెం కదిలినా ఎక్కువ ఆయిల్ తోస్తుంది కాబట్టి లివరు దగ్గరలోనే బిగుసుకుంటుంది. కొట్లో నిలబడి నొక్కి చూస్తే అదే గొప్పగా అనిపిస్తుంది.

మరి ఆ పెద్ద బండికి 5/8 ఎందుకు పెట్టారు? దానికి రెండు కాలిపర్లు. నా కాలిపర్ లాంటివి రెండుంటే విస్తీర్ణం 2290 అవుతుంది, దాన్ని 198తో భాగిస్తే 11.6. అక్కడ అది చక్కగా సరిపోతుంది. అదే సిలిండర్‌ను ఒక్క డిస్కు బండికి తెస్తే సగం బలం పోతుంది.

చాలామంది లెక్క ఇక్కడితో ఆపేస్తారు. బోర్ ఒక్కటే చూస్తే 11 గెలిచినట్టే. కానీ వేళ్లు నొక్కేది పిస్టన్‌ను కాదు, లివరును. లివరు ఇరుసు బోల్టు కేంద్రం నుంచి, అది పిస్టన్‌ను తోసే చోటు దాకా ఒక దూరం. అదే బోల్టు నుంచి వేళ్లు పడే చోటు దాకా ఇంకో దూరం. రెండో దాన్ని మొదటి దానితో భాగిస్తే లివరు బలాన్ని ఎన్ని రెట్లు చేస్తుందో తెలుస్తుంది. ఈ అంకెను అట్టపెట్టె మీద రాసేవారు చాలా తక్కువ. ఇటలీ బ్రేకుల కంపెనీ బ్రెంబో తన రేసింగ్ సిలిండర్ల మీద 19×18 అనో 19×20 అనో రాస్తుంది. మొదటిది బోర్, రెండోది ఇప్పుడు నేను చెప్పిన మొదటి దూరం. వాళ్ల ఆర్‌సీఎస్ రకంలో ఒక స్క్రూ తిప్పి ఆ దూరాన్ని 18 నుంచి 20కి మార్చుకోవచ్చు కూడా. రెండు మిల్లీమీటర్ల కోసం అంత పని పెట్టుకున్నారంటే దాని విలువ అర్థం చేసుకోవచ్చు.

వెర్నియర్ తీసి నాలుగింటినీ కొలిచాను. వేళ్ల దూరం అన్నిటికీ 120 మిల్లీమీటర్లు అనుకున్నాను, నా రెండు వేళ్లు అక్కడే పడతాయి. పిస్టన్ దూరం 5/8కి 24 మిల్లీమీటర్లు, 14కి 22, 11కి కూడా 22. 1/2 అంగుళం దానికి 18 మాత్రమే. ఆ 18 చూసి కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

లివరు రెట్లను ద్రవం రెట్లతో హెచ్చవేస్తే మొత్తం బలం వస్తుంది. 5/8: అయిదును 5.8తో హెచ్చవేస్తే 29. పద్నాలుగు: 5.45ను 7.44తో, సుమారు 41. అర అంగుళం: 6.67ను 9.04తో, 60. పదకొండు: 5.45ను 12.05తో, 66. బోర్ చూస్తే 11కీ 12.7కీ మధ్య మూడో వంతు తేడా. లివరు కలిపి చూస్తే పదో వంతే.

ఇప్పుడు నా బండికి ఎంత కావాలి? బండి, నేను, ట్యాంకులో పెట్రోలు కలిపి సుమారు 230 కిలోలు. పొడి తారురోడ్డు మీద గురుత్వ త్వరణంలో 0.8 వంతున వేగం తగ్గాలంటే నేల దగ్గర 184 కిలోల బలం వెనక్కి లాగాలి. గట్టిగా ఆపేటప్పుడు బరువంతా ముందుకే వస్తుంది కాబట్టి మొత్తం ముందు చక్రం ఖాతాలోనే వేశాను. డిస్కు 260 మిల్లీమీటర్లది. ప్యాడ్ మధ్యభాగం కేంద్రం నుంచి 113 దగ్గర పడుతుంది. టైరు వ్యాసార్ధం సుమారు 310. ప్యాడ్ ఘర్షణ గుణకం 0.4 అనుకుని, డిస్కుకు రెండు ముఖాలు కాబట్టి రెట్టింపు చేస్తే, ప్యాడ్లు డిస్కును 631 కిలోల బలంతో అదమాలి.

ఆ 631 కోసం వేళ్లు పెట్టాల్సిన బలం: 5/8తో 22 కిలోలు, 14తో 15.5, 1/2 అంగుళంతో 10.5, 11తో 9.6. ఇంట్లో పాత కొక్కెం కాటా ఉంది, స్ప్రింగుది. దాన్ని కిటికీ ఊచకు తగిలించి రెండు వేళ్లతో లాగి చూశాను. పది, పదకొండు కిలోలు ఇబ్బంది లేకుండా వస్తోంది. 15కి నాలుగు వేళ్లూ కావాలి. నాలుగు వేళ్లూ లివరు మీదికి పోతే యాక్సిలరేటర్ పట్టు వదులవుతుంది, గేరు తగ్గించేటప్పుడు అది చాలా అవసరం. 22 కిలోలు లాగాలంటే పళ్లు బిగించాలి. మొదటి రెండూ లెక్కలోనే ఓడిపోయాయి.

మంగళవారం

బలం ఊరికే రాదు, దూరం రూపంలో చెల్లించాలి. గునపంతో బండరాయిని కదిలించేటప్పుడు రాయి వేలెడు లేస్తే మన చేయి మూరెడు దిగాలి. ఇక్కడా అంతే.

బ్రేకు వదిలినప్పుడు ప్యాడ్లు కొద్దిగా వెనక్కి పోతాయి. వాటిని వెనక్కి లాగేది స్ప్రింగు కాదు, కాలిపర్ పిస్టన్ చుట్టూ ఉన్న చదరపు అంచు రబ్బరు సీలు. నొక్కినప్పుడు కాస్త మెలిపడి, వదిలితే తన ఆకారానికి తిరిగి వస్తూ పిస్టన్‌ను వెంట తీసుకుపోతుంది. రెండు వైపుల సందూ కలిపి 0.3 మిల్లీమీటర్లు అనుకుంటే లెక్క చాలా తేలిక. మొత్తం బలం రెట్లను 0.3తో హెచ్చవేస్తే వేళ్ల దగ్గర లివరు ఎంత దిగాక ప్యాడ్లు తగులుతాయో వస్తుంది. 5/8కి 9 మిల్లీమీటర్లు కూడా లేదు. పద్నాలుగుకు 12, అర అంగుళానికి 18, పదకొండుకు 20. దీనికి లివరు దగ్గర వదిలే ఖాళీ, ఆయిల్ పైపు ఉబ్బడం కలపాలి. ఇరవై అంటే ఇంకా హ్యాండిలుకు చాలా దూరంలోనే ఉంది. కానీ పైపు పాత రబ్బరుదైతే గట్టిగా నొక్కినప్పుడు ఉబ్బుతుంది, ఆ ఉబ్బు కూడా ఇదే రెట్లతో లివరు దగ్గర కనిపిస్తుంది. చిన్న మాస్టర్ పెట్టి “మెత్తగా ఉంది, బాగా లేదు” అనేవారిలో చాలామంది నిందించాల్సింది పైపును. లోపల టెఫ్లాన్ గొట్టం, పైన స్టీలు అల్లిక ఉన్న పైపు కొలత ఇచ్చి చేయించమన్నాను.

డ్రమ్ము అలవాటైన చేతికి ఇంకో తేడా ఉంది. డ్రమ్ములో, చక్రం తిరిగే దిశలోనే తెరుచుకునే షూను (డ్రమ్ము లోపలి గోడకు ఒత్తుకునే వంపు ముక్కను) డ్రమ్మే తన వైపు లాక్కుంటుంది, కొంత పని బ్రేకు తనంతట తాను చేసుకుంటుంది. డిస్కులో ఆ సాయం లేదు. వేళ్లు ఎంత ఇస్తే అంతే, దానికి తగ్గ రెట్లే. అందుకే ఈ రెట్ల లెక్క డిస్కుకు మరీ ముఖ్యం. వానలో తడిసినా, వేడెక్కినా నొక్కినంతకు తగ్గట్టు పనిచేయడం దాని సుగుణం.

గురువారం

లెక్క చూపించినా మా మెకానిక్ మొహంలో నమ్మకం రాలేదు. “కాగితం మీద అన్నీ బాగానే ఉంటాయి సార్” అన్నాడు. అది న్యాయమైన మాటే. 14ను తాత్కాలికంగా బిగించి, ఆయిల్‌లోని గాలి తీసి, కాలనీ వెనక ఖాళీ రోడ్డులో తిప్పాం. నిలబడి ఉన్నప్పుడు లివరు అద్భుతంగా ఉంది, పన్నెండు మిల్లీమీటర్లు కదిలి గట్టిగా నిలిచిపోతుంది. నలభైలో వెళ్తూ రెండు వేళ్లతో నొక్కితే బండి ఆలోచించుకుని ఆగింది. నాలుగు వేళ్లతో బాగానే ఆగింది. తరువాత అతను నడిపి వచ్చి హెల్మెట్ తీసి, “డ్రమ్ముకన్నా నయమే సార్” అన్నాడు. నేను ఏమీ అనలేదు. కాసేపాగి తనే “ఆ చిన్నది కూడా చూద్దాం” అన్నాడు.

శుక్రవారం

11కూ, 12.7కూ మధ్య తేల్చాలి. బలంలో తేడా పదో వంతు, దూరంలోనూ పదో వంతే. అంకెలు తేల్చలేకపోతే మిగతా సంగతులు తేలుస్తాయి.

11 ఉన్న సిలిండర్‌కు ఆయిల్ డబ్బా ఏటవాలుగా పోత పోశారు, ఆ బండి హ్యాండిలు వంపుకు తగ్గట్టు. నా హ్యాండిలు దాదాపు చదునుగా ఉంటుంది. మూత నేలకు సమంగా రావాలని తిప్పితే లివరు ఆకాశం వైపు చూస్తోంది. లివరును సరిచేస్తే డబ్బాలో ఆయిల్ ఒక మూలకు చేరుతోంది. ఆ మూల లోపలి రంధ్రాలకు దూరమైతే, ఆయిల్ కాస్త తగ్గిన రోజున సిలిండర్ గాలి పీల్చుకుంటుంది. హ్యాండిలును కుడికీ ఎడమకూ పూర్తిగా తిప్పి కూడా చూడాలి. ఒక వైపు బాగున్నది ఇంకో వైపు వాలిపోతుంది.

12.7 దానికి డబ్బా సమంగా ఉంది, పక్కన ఆయిల్ మట్టం కనిపించే చిన్న అద్దం ఉంది. బిగింపు పట్టీ 22 మిల్లీమీటర్ల హ్యాండిలుకు సరిగ్గా పడింది. వెనక వచ్చే బండ్లను చూసే అద్దం బిగించే రంధ్రానిది మామూలు మర. ఇది చూసుకోవాల్సిన విషయం: చాలా యమహా బండ్లలో కుడివైపు అద్దానికి ఎడమ మర (ఎదురు దిశలో బిగిసేది) ఉంటుంది, ఏదైనా తగిలితే అద్దం విరగకుండా మర వదులై తిరిగిపోవాలని. యమహా సిలిండర్ తెచ్చుకుంటే అద్దం కూడా యమహాదే తెచ్చుకోవాలి.

ఆయిల్ పైపు బోల్టు సంగతీ అంతే. నిస్సిన్ వంటి జపాన్ తయారీల్లో 10 మిల్లీమీటర్ల బోల్టుకు మర అంతరం, అంటే మరలో చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం, 1.25 మిల్లీమీటర్లు ఉంటుంది, బ్రెంబో వంటి యూరప్ తయారీల్లో 1.0. చూడటానికి రెండూ ఒకటే. మొదటి రెండు చుట్లు ఎక్కుతుంది కూడా, ఆ తరువాత బిగుసుకుంటుంది. అక్కడ బలం పెడితే అల్యూమినియం మర పోతుంది, దానితో సిలిండరూ పోతుంది. వేళ్లతో చివరిదాకా తిరగని బోల్టును స్పానరుతో తిప్పకూడదు. నా కాలిపర్‌కూ, 12.7 సిలిండర్‌కూ రెండింటికీ 1.25.

హ్యాండిలు మీద చోటు కూడా ఒక సమస్యే. ఈ బండికి యాక్సిలరేటర్ తీగ కింద మూడుగా చీలి రెండు కార్బురేటర్లకూ, ఆయిల్ పంపుకూ వెళ్తుంది. పై భాగంలో ఆ కేబులు వంపు తిరిగే చోటే మాస్టర్ డబ్బా కూర్చుంటుంది. కేబులు డబ్బాకు ఆనుకుంటే హ్యాండిలు తిప్పినప్పుడు లాగబడి ఇంజను రేసు పెరుగుతుంది. సిలిండర్‌ను అర అంగుళం లోపలికి జరిపితే సరిపోయింది.

అయినా నిజంగా తేల్చింది ఇవేవీ కాదు, సీలు కిట్టు. హైదరాబాద్ పుత్లీబౌలిలో వరుసగా ఉన్న స్పేర్ పార్టుల దుకాణాల్లో అడిగితే 12.7 కిట్టు అడిగిన ప్రతిచోటా ఉంది. 11ది తెప్పించాలన్నారు. 14 ఉంది. 5/8 ఉందన్నారు, చూపించమంటే వేరేది తీశారు. మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు కప్పులు ఎప్పుడో ఒకప్పుడు పోయేవే. పదేళ్ల తరువాత కూడా దొరికే భాగమేదో ఇప్పుడే చూసుకోవాలి.

12.7 ఖాయం. అరువు తెచ్చినది తిరిగి ఇచ్చేసి, అదే రకం కొత్తది కొన్నాను.

పాతది ఎందుకు కాదంటే, తుక్కు దుకాణంలో దొరికిన రెండింటిని విప్పి చూశాను. బయట బాగున్నాయి. పిస్టన్‌ను పట్టి ఉంచే సర్‌క్లిప్ రింగు తీసి పిస్టన్ లాగితే ఒకదానిలో తెల్లటి గడ్డ, దాని కింద బోర్ గోడ మీద గుంటలు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది, ఆ తేమ అల్యూమినియాన్ని తింటుంది. గోరు పెట్టి లాగితే ఆగే గుంట ఉన్నచోట రబ్బరు కప్పు ఆయిల్‌ను ఆపలేదు. రాతితో అరగదీస్తే పోతుందంటారు. గుంట పోవాలంటే బోర్ పెరుగుతుంది, పై పూత పోతుంది, కప్పు వదులవుతుంది. అందం కోసం పాతది కావాలనుకునేవారు లోపల స్లీవు వేయించుకోవచ్చు, అది మంచి పనివాడు చేయాలి. 1970ల ఆర్‌డీ మీద ఉన్న గుండ్రటి డబ్బా నాకూ ఇష్టమే. కానీ బ్రేకు విషయంలో ఆ ఇష్టాన్ని పక్కన పెట్టాను.

ఆదివారం

బిగించడం. రాసేంత పని కాదు. పట్టీకి పై బోల్టు ముందు పూర్తిగా బిగించి, తరువాత కిందిది. చాలా పట్టీల మీద బాణం గుర్తు ఉంటుంది, అది పైకి ఉండాలి. పైపు బోల్టుకు రెండు వైపులా కొత్త రాగి వాషర్లు.

గాలి తీయడానికి ముందు ఒక పరీక్ష. డబ్బా అడుగున రెండు రంధ్రాలు ఉంటాయి. ఒకటి పెద్దది, ఇంకోటి సూది మొనంత. ఆ సన్నదాని గుండానే లివరు వదిలినప్పుడు ఒత్తిడి వెనక్కి వస్తుంది, డిస్కు వేడికి పొంగిన ఆయిల్ కూడా డబ్బాలోకి తిరిగి వస్తుంది. అది మూసుకుపోతే ఆయిల్‌కు తిరిగివచ్చే దారి ఉండదు, నాలుగు కిలోమీటర్లు పోయాక బ్రేకు తనంతట తానే పట్టేస్తుంది. పాత బండ్ల ముందు చక్రం జామ్ అయిందంటే నేను మొదట చూసేది ఇదే. గిటారు సన్న తీగతో శుభ్రం చేయవచ్చు. పరీక్ష ఏమిటంటే, మూత తీసి లివరును కొద్దిగా, చాలా కొద్దిగా నొక్కితే ఆ రంధ్రం నుంచి ఆయిల్ చిన్న ఊటలా పైకి రావాలి. వచ్చింది. ముఖం దగ్గర పెట్టి చూడకండి, కంట్లో పడుతుంది. ట్యాంకు మీద తడి గుడ్డ కప్పండి, బ్రేకు ఆయిల్ రంగును ఊడదీస్తుంది.

ఇదే కారణంగా లివరు చివర ఒక మిల్లీమీటరైనా ఖాళీ ఆడాలి. ఆ ఖాళీ లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, కప్పు సన్న రంధ్రాన్ని కప్పేస్తుంది, ఫలితం పైన చెప్పినదే. రంగు రంగుల సర్దుబాటు లివర్లు కొని బిగించేవారు ఈ ఖాళీని చేత్తో ఆడించి చూసుకోవాలి.

ఆయిల్ డాట్ 4. కొత్తది 230 డిగ్రీల దాకా మరగకూడదని, తేమ పీల్చాక కూడా 155 దాకా ఓర్చుకోవాలని దాని ప్రమాణం. డాట్ 5 వేరు, అది సిలికాన్ ఆయిల్, దీనితో కలపకూడదు. డాట్ 5.1 మాత్రం డాట్ 4 జాతిదే. ఈ పేర్లు పెట్టినవారిని ఒకసారి కలవాలని ఉంది.

గాలి మామూలు పద్ధతిలో పైనుంచి తీస్తే చాలా సేపు పట్టేది, బుడగలు పైకి పోవాలని చూస్తాయి, మనం వాటిని కిందికి తోస్తుంటాం. కాలిపర్ మీద గాలి తీసే నిపుల్‌కు గొట్టం తగిలించి పెద్ద సిరంజితో కింది నుంచి మెల్లగా ఎక్కించాను. డబ్బాలోకి బుడగలు వరుసగా వచ్చాయి. చివరి బుడగ ఎప్పుడూ మాస్టర్ పక్కన పైపు బోల్టు దగ్గరే ఇరుక్కుంటుంది, అక్కడ పైపు వంపు అన్నిటికన్నా ఎత్తులో ఉంటుంది. హ్యాండిలును ఎడమకు తిప్పి, లివరును చిన్న చిన్నగా ఆడిస్తే అదీ వచ్చేసింది. రాత్రికి లివరును రబ్బరు బ్యాండుతో హ్యాండిలుకు కట్టి వదిలేశాను. ఉదయానికి ఇంకా గట్టిపడింది.

తరువాతి శనివారం

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సర్వీసు రోడ్డు. పైరోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు, సర్వీసు రోడ్డు ఉదయం పూట ఖాళీగా ఉంటుంది. కొత్త ప్యాడ్లు కాబట్టి ముందు నలభై నుంచి పది దాకా మెల్లగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ వాటిని డిస్కుకు కుదురుకోనిచ్చాను.

ఆ తరువాత యాభైలో రెండు వేళ్లు. లివరు మొదట తేలికగా దిగింది, ప్యాడ్లు తగిలిన చోటు స్పష్టంగా తెలిసింది, అక్కడి నుంచి ఎంత నొక్కితే అంత. టైరు పట్టు తప్పబోయే ముందు వచ్చే సన్నని కూత కూడా వేళ్లకు అందింది. 14తో అది ఎప్పుడూ అందలేదు, ఎందుకంటే అక్కడిదాకా తీసుకుపోవడానికే చేయి మొత్తం బిగించాల్సి వచ్చేది. మా మెకానిక్ కూడా నడిపి చూశాడు. ఏమంటాడో అని చూస్తే, కిందికి వంగి మాస్టర్ మీద ఉన్న 1/2 అంకెను ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. కొట్టుకు వచ్చిన ఇంకో రాజ్‌దూత్‌కు 5/8 ఉందట, దాని యజమాని బ్రేకు పడటం లేదని గొడవ చేస్తున్నాడట. ఆ బండి కాలిపర్ పిస్టన్లు ఎంతో కొలవమన్నాను. లివరు దూరం కూడా.

వేళ్ల దగ్గర లివరు దిగుతున్నది కొలిస్తే 21 మిల్లీమీటర్లు. కాగితం మీద 18 వచ్చింది, మిగతాది లివరు దగ్గర వదిలిన ఖాళీ, పైపు. స్టీలు అల్లిక పైపుకు పెట్టిన డబ్బు దండగ కాలేదు.

కొత్త ఇబ్బంది ఒకటి బయటపడింది. బ్రేకు పనిచేయడం మొదలయ్యాక ముందు ఫోర్క్ బాగా కిందికి దిగిపోతోంది, గట్టిగా ఆపితే చివరిదాకా కూర్చుంటోంది. చిక్కటి ఫోర్క్ ఆయిల్ తెచ్చాను, స్ప్రింగుల మీద పెట్టడానికి లేతు దగ్గర రెండు పైపు ముక్కలు 15 మిల్లీమీటర్ల పొడవున కోయించాను. వచ్చే వారం ముందు భాగం మళ్లీ విప్పాలి. బ్రేకు వేస్తే వెలిగే వెనక దీపం స్విచ్చు వైరు కూడా అప్పుడే కలుపుతాను.